విప్పి చూడు

నోటరీ దస్తావేజంతా పైకి చదివాడు.
ఇక్కడి పద్ధతి అది, ప్రతి మాటా చెవిన పడాలి.
ముప్పావుగంట.
"ఉన్నది ఉన్నట్టుగా" అన్నచోట
బల్ల కింద ఓర్ట్‌విన్ నా కాలు తొక్కాడు.
అమ్ముతున్న రోట్‌గేబర్ ముసలమ్మ
చేతిసంచిలోంచి మూడు తాళంచెవులు తీసి
"మూడోది దేనిదో నాకూ తెలీదు" అంది.

వెర్రా నది ఒడ్డున మాదొక వెర్రి బేరం:
వాడేసిన కారు ధరకి
కర్రగళ్ళ ఇల్లు,
గళ్ళు కనపడకుండా
మెడదాకా సిమెంటు చొక్కా తొడిగిన ఇల్లు.

సుత్తి పట్టిన మొదటి శనివారం
చొక్కా పెచ్చులు పెచ్చులుగా ఊడింది.
లోపల ఓక్ దూలం.
బొటనవేలు ఆనిస్తే దిగిపోయింది.
అరవై ఏళ్ళ చెమ్మ ఊపిరాడక
కర్రని నస్యం చేసింది.
ఇల్లు కట్టి చూడమన్నారు సరే,
విప్పి చూడమని ఏ పెద్దా అనలేదు.

వడ్రంగి షీలె వచ్చాడు, ఎడమచేతికి మూడున్నర వేళ్ళు.
అటకెక్కి ఒక్కో వాసాన్నీ కొట్టి
చెవి ఆనించి విన్నాడు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
ఈయన లెక్కపెట్టడానికి
గంటకి యాభై ఎనిమిది యూరోలు.

దూలాల మీద ఉలిగుర్తులు చూపించాడు:
గీత, రెండు గీతలు, గీత పక్కన కొడవలి వంపు.
నాలుగు తర్వాత తొమ్మిది.
తొమ్మిది తర్వాత తలకిందులుగా రెండు.
స్తంభాల్లో ఎవరి చేయీ అందుకోని బెజ్జాలు,
నోళ్ళు తెరుచుకుని.
"ఇది ఇక్కడ పుట్టిన ఇల్లు కాదమ్మా" అన్నాడు.
ఎవరో దీన్ని ఎక్కడో విప్పి
బళ్ళ మీద కట్టుకుని తెచ్చి
గుర్తున్నంతవరకు నిలబెట్టారు.
వరదకా, అప్పులకా, అన్నదమ్ముల తగువుకా?
షీలె భుజాలెగరేసి
కాఫీ అడిగాడు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు.
మేమే మొదటి పిచ్చివాళ్ళమనుకున్నాను,
కొంచెం గర్వం కూడా పడ్డాను.

రాలిన పాతమట్టిని పారేయొద్దన్నాడు.
స్నానాలతొట్టెలో నానబెడితే
మూడోనాటికి మెత్తబడి మళ్ళీ జిగురెక్కింది.
పక్కింటి పిల్ల స్వాంట్యె, నేను
చెప్పులు విడిచి తొక్కాం.
కొత్త గడ్డి కలిపాం,
తడికల మీద విసిరి కొట్టాం, అరచేత్తో మెత్తాం.
కాలివేళ్ళ మధ్య చిక్కింది ఓ పాత బార్లీ పొట్టు.
స్వాంట్యె దాన్ని ఊది చూసి
"గింజ లేదు" అంది.

అక్టోబరులో ముసలమ్మ వచ్చింది, గేటు దాటలేదు.
బోసిగా నిలబడ్డ గోడ కేసి చాలాసేపు చూసింది.
"మా ఆయన రెండు వేసవులు తాపీ పట్టాడు.
ఆదివారాలు కూడా" అంది.
ఆ సిమెంటు ఏం చేసిందో చెప్పడానికి
నోరు తెరిచి
మూసుకున్నాను.
"చలెయ్యదూ దానికి?" అంది.

మర్నాడు జాకీలు పెట్టి లేపారు.
పన్నెండు మిల్లీమీటర్లు.
ఇల్లంతా ముక్కింది, అటక మీంచి దుమ్ము దిగింది.
పుచ్చిన అడుగుదూలం లాగేసి
కొత్తది జొనిపి, ఓక్ చీలలు దిగ్గొట్టారు.
ఇన్నాళ్ళూ మూతపడని వంటింటి తలుపు
దానంతటదే మూసుకుంది.
చక్కగా తెరుచుకునే కిటికీ
బిగుసుకుపోయింది.

ఖాళీ బెజ్జాలు మూసేయమన్నాడు ఓర్ట్‌విన్, ఈదరగాలని.
మూయించాను, మెట్ల పక్కదొక్కటి తప్ప.
మూడో తాళంచెవి
అందులో ఉంటుంది.

పైకప్పు సంగతి
డబ్బు చేరాక.